నొక్కిన తర్వాతి కథ

పుట్టినప్పుడు ఫోటోగ్రఫీకి కాళ్లు లేవు. ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ 1826లోనో 1827లోనో తీసిన ఫోటో ఇప్పటికీ మిగిలి ఉన్న ఫోటోలన్నిటిలో పాతది. అందులో ఉన్నది ఆయన సొంత ఇంటి మేడ కిటికీలోంచి కనిపించే కప్పులూ గోడలూ. ఇంగ్లండులో టాల్బట్ 1835లో కాగితం మీద పట్టుకున్నదీ తన ఇంటి కిటికీనే. పారిస్‌లో డాగేర్ 1838లో కెమెరా గురిపెట్టింది తన కిటికీ కింది వీధి మీదికి. కుంచె పట్టినవాళ్లు పురాణాలూ యుద్ధాలూ రాజులూ వెతుక్కుంటూ పోగలిగారు. కెమెరాకు ఆ వీలు లేదు. చాలాసేపు ఎండ కావాలి, అంగుళం కదలకూడదు, మందులన్నీ చేతికందేంత దూరంలో ఉండాలి. అందుకే అది కళ్లు తెరిచి మొదట చూసింది గుమ్మం ముందున్నదాన్ని. ఊళ్లో తిరుగుతూ రోజుకో ఫోటో తీసి, రాత్రి కూర్చుని దాన్ని దిద్దుకునే సరదా ఉన్న నాబోటివాళ్లకు ఇంతకంటే ఘనమైన వంశచరిత్ర అక్కర్లేదు.

డాగేర్ తీసిన ఆ వీధి పేరు బులివార్డ్ దు తాంప్ల్. బళ్లూ గుర్రాలూ జనంతో కిటకిటలాడే చోటు. ఫోటోలో మాత్రం ఒక్క బండి లేదు. ఎక్స్‌పోజర్‌కు నిమిషాలు పట్టే కాలం కాబట్టి కదిలినదంతా తుడిచిపెట్టుకుపోయింది. ఒక మూలన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం మిగిలాడు. ఫోటోలో చిక్కిన మొట్టమొదటి మనిషి ఆయనేనని చరిత్రకారులు చెబుతారు. ఎడిటింగ్ అనే పాపం కంప్యూటర్లతో మొదలైందని వాదించేవాళ్లకు నేను చూపించే మొదటి సాక్ష్యం ఇదే. పారిస్ వీధిలోంచి ఊరు ఊరంతటినీ ఆ పలకే చెరిపేసింది, ఎవరూ అడక్కుండానే.

1851లో ఆర్చర్ కనిపెట్టిన తడి కొలోడియన్ పద్ధతితో ఎక్స్‌పోజర్ సెకన్లలోకి దిగింది. కానీ గాజుపలక మీద మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి, ఆరకముందే కడగాలి. బయటికి వెళ్లాలంటే డేరాతో సహా ఒక డార్క్‌రూమే వెంట బయల్దేరాలి. రోజూ సరదాగా చేసే పని కాదది. పైగా ఆ మందు నీలం రంగుకు అతిగా స్పందించేది. నేలకు సరిపడా వెలుగిస్తే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చేది. గుస్తావ్ లె గ్రే 1850ల నడిమిలో సముద్రాన్ని ఒక నెగటివ్ మీద, మబ్బుల్ని మరో నెగటివ్ మీద తీసి రెండిటినీ ఒకే కాగితం మీద ముద్రించి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. తర్వాత మబ్బుల నెగటివ్‌లు విడిగా అమ్మకానికి కూడా వచ్చాయి. ఒకే మబ్బు రకరకాల ఊళ్ల మీద తేలేది. 2020లో ఫోటోషాప్‌లో ఆకాశాన్ని మార్చే మీట వచ్చినప్పుడు లోకం తలకిందులైనట్టు గోల చేసినవాళ్లకు ఈ పాత వ్యాపారం సంగతి తెలిసి ఉండదు.

మన వైపు కూడా అదే వరస. బొంబాయిలో 1854లో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడితే, రెండేళ్లకు మద్రాసులోనూ ఒకటి మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీకి ఫోటోగ్రాఫరుగా నియమితుడైన లినియస్ ట్రైప్ 1858లో మదురై, తంజావూరు, తిరుచిరాపల్లి చుట్టి గుళ్లూ కోటలూ తీశాడు. ఆయన కాగితపు నెగటివ్‌ల మీద రంగు పూసి లేని మబ్బుల్ని ఉన్నట్టు చూపేవాడు. చేయి తిరిగిన మనిషి, సందేహం లేదు. అయితే ఎడ్లబళ్ల మీద పెట్టెలు వేసుకుని సర్కారు ఖర్చుతో తిరిగినవాడికి ఊరంటే ఒక మజిలీ. రేపు ఇంకో ఊరు.

రాజా దీన్‌దయాళ్ కథ కొంచెం వేరు. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్‌మన్‌గా పనిచేస్తూ 1870లలో కెమెరా పట్టాడు. 1880ల నడిమిలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువుకు చేరి సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాదులో పర్దాలో ఉండే స్త్రీల కోసం, ఆడవాళ్లే నడిపే జనానా స్టూడియో కూడా తెరిచాడు. ఆయన గాజు నెగటివ్‌లు మూడువేలకు కాస్త తక్కువగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. వేటలు, విందులు, ప్యాలెసుల దివానుఖానాలు, కవాతులు, చార్మినారు, అన్నీ పదునుగా, తూకంగా ఉంటాయి. నాకు ఆ బొమ్మలంటే గౌరవం. కానీ వాటిలో వెతికితే మంగళవారం కనిపించదు. ఏ విశేషమూ లేని ఒక ఉదయం చార్మినారు దగ్గరి బజారులో ఎవరేం అమ్ముతున్నారో తీయమని నిజాం అడగలేదు, ఆయనకు తీరికా లేదు. రోజువారీ ఊరు కెమెరాలో పడాలంటే జీతమూ ఆర్డరూ లేని మనిషి కావాలి, చవకైన సరంజామా కావాలి.

ఆ రెండూ పొడి పలకలతో వచ్చాయి. 1871లో మాడాక్స్ అనే డాక్టరు జెలటిన్ పూసిన పలకల గురించి రాశాడు. కొన్నేళ్లకే అవి కొట్లలో అట్టపెట్టెల్లో దొరకడం మొదలైంది. పలక ఇవాళ కొని, రేపు తీసి, ఆదివారం కడుక్కోవచ్చు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ ఇంకో అడుగు ముందుకు వేసింది. పాతిక డాలర్ల పెట్టె, లోపల వంద ఫోటోలకు సరిపడా ఫిల్ము. అయిపోగానే పెట్టెకు పెట్టె రోచెస్టరు ఫ్యాక్టరీకి పంపితే, పది డాలర్లకు ఫోటోలు కడిగి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవాళ్లు. మీట నొక్కడం మీ వంతు, మిగిలిందంతా మా వంతు అన్నది వాళ్ల ప్రచారం. 1900లో బ్రౌనీ ఒక్క డాలరుకే వచ్చి ఆ మీటను పిల్లల చేతికిచ్చింది.

చరిత్రలో ఇక్కడ ఒక చీలిక వచ్చిందని నా లెక్క. అప్పటిదాకా తీసినవాడే కడిగేవాడు, ముద్రించేవాడు, పేరు పెట్టేవాడు. కొడాక్ ఆ పనిని రెండు సగాలు చేసి రెండో సగాన్ని ఫ్యాక్టరీకి పంపేసింది. నొక్కేవాళ్లు లక్షలకు పెరిగారు. తీసినదాన్ని ఏరి, దిద్ది, ఎప్పుడు ఎక్కడ తీసిందీ రాసి, దాచేవాళ్లు ఆ మేరకు పెరగలేదు. ఊళ్ల సంగతి చూస్తే, మనకు మిగిలినవి చాలామటుకు ఆ రెండో సగాన్ని వదులుకోనివాళ్ల బొమ్మలే.

ఈ మాటకు మంచి రుజువు ఇంగ్లండులో ఉంది. పెద్దగా ఎవరూ తలుచుకోరు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 1889లో బర్మింగ్‌హామ్‌లో జెరోమ్ హారిసన్ అనే ఉపాధ్యాయుడు ఒక ఆలోచన బయటపెట్టాడు. దేశం నిండా కెమెరాలున్న ఔత్సాహికులు ఉన్నారు. వాళ్లంతా సూర్యాస్తమయాలు తీసే బదులు తలా ఒక ఊరు, తలా కొన్ని వీధులు పంచుకుని పాత ఇళ్లూ సంతలూ పండుగలూ తీసి లైబ్రరీలకు ఇస్తే ఎలా ఉంటుంది అని. మరుసటి ఏడే వారిక్‌షైర్ సర్వే మొదలైంది. చూసి మరికొన్ని కౌంటీలు అందుకున్నాయి. పార్లమెంటు సభ్యుడూ, తానే ఫోటో పిచ్చివాడూ అయిన బెంజమిన్ స్టోన్ 1897లో దీన్ని జాతీయ స్థాయిలో ఒక సంఘంగా చేసి బొమ్మల్ని బ్రిటిష్ మ్యూజియానికి చేర్చాడు.

ఈ సర్వేవాళ్ల చాదస్తం నాకు ముచ్చటగా ఉంటుంది. ప్రింటు వెలిసిపోకూడదు కాబట్టి ప్లాటినం, కార్బన్ పద్ధతుల్లోనే వేయాలి. నెగటివ్ మీద చేతిపని కూడదు. అట్ట మీద చోటు, తేదీ, తీసినవారి పేరు తప్పనిసరి. 1916లో ముగ్గురు కలిసి రాసిన 'ది కెమెరా యాజ్ హిస్టారియన్' అనే పుస్తకం ఈ పనులకు పూర్తి పాఠ్యగ్రంథం. బీరువాలూ చీటీలూ దాకా వస్తుంది. చదువుతుంటే గుమాస్తా రాసిన కావ్యంలా ఉంటుంది. అదే సమయంలో కళాఫోటోగ్రాఫర్లు మసకలూ మంచులూ వెంట పడి ఈ సర్వేవాళ్లను చూసి నవ్వేవారు. మసకలు ఇప్పుడు మ్యూజియముల్లో ఉన్నాయి, కాదనను. కానీ వారిక్‌షైర్‌లో ఒక వీధి 1890లలో ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే గుమాస్తా పెట్టెనే తెరవాలి.

ఇక అట్జే. యూజీన్ అట్జే లేకుండా ఊరి ఫోటో చరిత్ర చెప్పడం కుదరదు. 1857లో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ఓడల్లో పనిచేసి, నాటకాల్లో చిల్లర వేషాలు వేసి, అక్కడా నిలవక ముప్పై దాటాక కెమెరా పట్టాడు. పారిస్‌లో చిత్రకారులకు మూలబొమ్మలు అమ్ముకుని బతకడం మొదలుపెట్టాడు. చెట్టు కావాలంటే చెట్టు, మెట్లు కావాలంటే మెట్లు. 1897 ప్రాంతంలో పాత పారిస్ మీదికి దృష్టి మళ్లింది. అంతకు ముప్పై నలభై ఏళ్ల క్రితం హౌస్‌మన్ అనే అధికారి పారిస్ పాతబస్తీని కూలగొట్టి వెడల్పాటి రోడ్లు వేయిస్తున్నప్పుడు, కూలబోయే సందుల్ని శార్ల్ మార్విల్ నగరపాలక సంస్థ తరఫున తీసిపెట్టాడు. అట్జేకు అలాంటి ఉద్యోగమేమీ లేదు. మిగిలిన పాత పారిస్‌ను తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు.

బెల్లోస్ ఉన్న చెక్క కెమెరా, 18x24 సెంటీమీటర్ల గాజుపలకలు, స్టాండు, అన్నీ మోసుకుని జనం తిరగకముందే బయల్దేరేవాడు. షాపుల ముందరి బోర్డులు, తలుపు కొయ్య మీది చెక్కడాలు, గుడ్డపేలికలు ఏరుకునేవాళ్లు, గొడుగులు అమ్మేవాళ్లు, ఇరుకు పెరళ్లు, కార్సెట్ల దుకాణం అద్దం. చేతి కెమెరాలు వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆ పెట్టెను వదల్లేదు. అదే వీధిలో కాపురమున్న మాన్ రే అనే ఫోటోగ్రాఫరు తన చిన్న కెమెరా ఇస్తానన్నా పుచ్చుకోలేదట. లెన్సును బాగా పైకి జరిపి తీయడంవల్ల చాలా ప్రింట్లలో పై మూలలు నల్లగా గుండ్రంగా కోసుకుపోయి ఉంటాయి. కత్తిరించి పారేయొచ్చు, పారేయలేదు. ప్రింట్లు ఎండలో వేసుకునేవాడు. కాగితాన్ని నెగటివ్‌కు ఆనించి చట్రంలో బిగించి కిటికీ బయట పెడితే చాలు.

ఆయన రెండో సగం మాత్రం ఇంకెవరూ చేయనంత శ్రద్ధగా చేశాడు. ప్రతి పలక మీదా అంకె గీశాడు. ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో వీధి పేరు, ఇంటి నంబరు రాశాడు. వృత్తులు ఒక వరస, బళ్లు ఒక వరస, పాత దుకాణాలు ఒక వరస అని ఆల్బములు కట్టాడు. 1920లో 2,600కు పైగా నెగటివ్‌లను ఫ్రెంచి ప్రభుత్వానికి పదివేల ఫ్రాంకులకు అమ్మాడు. సర్రియలిస్టులు 1926లో తమ పత్రికలో ఆయన ఫోటోలు వేసుకుంటామంటే పేరు వేయొద్దన్నాడు, అవి డాక్యుమెంట్లు మాత్రమేనని. మరుసటి ఏడు పోయాడు. బెరెనీస్ అబట్ అనే అమెరికన్ యువతి ఆయన ఇంట్లో మిగిలిన నెగటివ్‌లూ ప్రింట్లూ కొనుక్కుని న్యూయార్క్ తీసుకెళ్లింది. 1968లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆమె దగ్గర కొన్నది. ఇవాళ ఆయన్ని మహాకళాకారుడంటున్నారు. ఆయన పెన్సిలు రాతలు లేకపోయి ఉంటే ఆ మహత్తు సగానికి తగ్గేదని నా అనుమానం.

అట్జే సమకాలికుడు స్టీగ్లిట్జ్ న్యూయార్క్‌లో మరో దారి తొక్కాడు. 1893 ఫిబ్రవరిలో మంచుతుపానులో ఫిఫ్త్ అవెన్యూ మీద గంటల తరబడి నిలబడి బండివాడి ఫోటో తీశాడు. తర్వాత నెగటివ్‌లో చాలా భాగం తెగ్గోసి తనకు కావలసినంతే ముద్రించుకున్నాడు. చేతి కెమెరాతో తీసేదాన్ని తర్వాత కోసుకోవచ్చని బాహాటంగా రాశాడు కూడా. తెగ్గోసుకోవడం పాపమా కాదా అని ఇప్పటికీ ఫోటో క్లబ్బుల్లో కాఫీలు చల్లారేదాకా కొట్టుకుంటుంటారు. నూటముప్పై ఏళ్ల పాత తగవు అది.

1925లో లైకా అనే చిన్న చేతి కెమెరా వచ్చాక సినిమా ఫిల్ము ముక్కతో 36 బొమ్మలు జేబులో పట్టాయి. దాంతో వీధి ఫోటోకు జరిగిన మేలు గురించి కావలసినంత రాశారు, నేను మళ్లీ రాయను. ఆ హడావిడిలో పేరు అంతగా వినపడని ఒకాయన్ని మాత్రం తలుచుకోవాలి. టోక్యోలోని ఉయెనోలో తాకట్టు కొట్టు నడిపే ఇంట్లో పుట్టిన కువబారా కినెయో, 1930లలో లైకా పట్టుకుని దిగువ టోక్యో సందుల్లో తిరిగేవాడు. సరదాయే, వృత్తి కాదు. తర్వాత కెమెరా పత్రికలకు సంపాదకుడై ఇతరుల బొమ్మలు ఏరుతూ దశాబ్దాలు గడిపాడు. యుద్ధంలో ఆ టోక్యో కాలిపోయింది. ఆయన పాత నెగటివ్‌లు ముప్పై ఏళ్ల తర్వాత వెలుగులోకి వస్తే, 1936 నాటి టోక్యో పేరిట 1974లో పుస్తకంగా అచ్చయ్యాయి. ప్రాగ్‌లో యోసెఫ్ సుదెక్ ఇంకా కదలని మనిషి. మొదటి యుద్ధంలో కుడిచేయి పోయింది. 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీనే తీస్తూ కూర్చున్నాడు. మంచు పట్టిన అద్దం, దాని వెనక వంకర చెట్టు.

మన ఊళ్లకు వస్తే లెక్క మారుతుంది. తెలుగు పట్టణాల్లో చాలాకాలం ఫోటో అంటే స్టూడియో. లోపల పరదా మీద సరస్సూ మెట్లూ తాజ్‌మహలూ. బయట అసలు బజారు, దాన్ని ఎవరూ తీసేవారు కాదు. మన ఇళ్లలో పాత ఆల్బములు తిరగేస్తే పెళ్లిళ్లు, ఉపనయనాలు, పదో తరగతి గ్రూప్ ఫోటో, తిరుపతిలో గుండు చేయించుకున్నాక ఒకటి. వాకిలి ముందు వీధి మాత్రం ఎవరి భుజం వెనకాలో పొరపాటున పడితే పడినట్టు. నేను పాత పెళ్లి ఫోటోలు చూసేటప్పుడు పెళ్లికొడుకును వదిలేసి ఆ వెనకాలదాన్నే చూస్తాను. గోడ మీది సినిమా పోస్టరు, సోడాబండి, ఎన్నికల గుర్తు.

స్టూడియోవాళ్ల పనితనాన్ని తక్కువ చేయడం లేదు. ఎర్రబల్బు కింద డెవలపర్ ట్రే, నీళ్ల ట్రే, హైపో ట్రే. బ్రోమైడ్ కాగితం మీద ముఖం మెల్లగా తేలుతుంటే సరైన క్షణంలో తీసి హైపోలో వేయాలి. వేళ్లడ్డంపెట్టి ఒకచోట వెలుగు తగ్గించడం, చిల్లు పొడిచిన అట్టముక్కతో ఇంకోచోట పెంచడం ఇవన్నీ చేతివాటం. నెగటివ్ మీద సన్నని పెన్సిలుతో టచింగ్ చేసి మశూచి మచ్చలు మాయం చేసేవారు. నలుపుతెలుపు ప్రింటుకు చీర అంచు రంగు అడిగి తెలుసుకుని మరీ రంగులద్దేవారు. పోయినవాళ్ల ఫోటోలో కళ్లు తెరిపించిన ఘనులు కూడా ఉన్నారు. ఇప్పుడు లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేరులో మనం జరిపే మీటలన్నీ ఆ గదిలో పుట్టినవే. కాకపోతే ఆ విద్య అంతా ముఖాలకే ఖర్చయింది.

సరదాగా తీసుకునేవాళ్ల చేతికి మన దగ్గర మొదట అందింది ఇక్కడే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ వంటి పెట్టె కెమెరా. రీలుకు పన్నెండు బొమ్మలు. 1960లో ఏర్పడి 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' ఫిల్ము ఇచ్చేది. రీలు ఖరీదు, కడిగించే ఖర్చు, ప్రింట్ల ఖర్చు వేసుకుంటే పన్నెండు మీటలు సంక్రాంతి నుంచి ఉగాది దాకా లాగాలి. అలాంటప్పుడు కిళ్లీకొట్టును తీస్తానంటే ఇంట్లో ఏమంటారో వేరే చెప్పాలా? రోజుకో ఫోటో అనే ఊహకే ఇక్కడ చోటు లేదు.

చోటున్నవాళ్లకు ఇంకో చిక్కు ఉండేది. ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ 1953లో ఏర్పడ్డాక మెడల్స్ కోసం ప్రదర్శనలకు బొమ్మలు పంపే సలోన్ పోటీల సంస్కృతి దేశమంతా బలపడింది. హైదరాబాదులో రాజా త్రయంబక్‌రాజ్ బహదూర్, ఆయన చేతికింద ఎదిగిన బండి రాజన్‌బాబు లాంటివాళ్లు డార్క్‌రూమ్‌ను నిజంగా కళాశాల చేశారు. వారి ప్రింటు నాణ్యతకు ఇవాళ్టికీ దండం పెట్టవచ్చు. కానీ సలోన్ మెడల్ కోసం బయల్దేరిన మామూలు ఔత్సాహికుడి కంటికి ఊరు అడ్డంకి అయింది. పొద్దుటి పొగమంచులో పడవ కావాలి, కిరణాల్లో గొర్రెల మంద కావాలి, ముడతల ముసలమ్మ కావాలి. కరెంటు తీగలు, సైన్‌బోర్డులు, స్కూటర్లు చెత్త కింద లెక్క. న్యాయనిర్ణేత అడిగే మొదటి ప్రశ్న, ఆ తీగలెందుకొచ్చాయి అని. రాజమండ్రిలో గోదావరి మీద పొద్దు పొడవడాన్ని తీసిన బొమ్మలు అసంఖ్యాకం. 1997లో రైళ్లు ఆగిపోకముందు హేవలాక్ వంతెన మొదట్లో ఏ కొట్లుండేవో చూపే బొమ్మ అడిగితే వెతుక్కోవాలి. వరంగల్‌లో భరత్‌భూషణ్ లాంటి కొందరే ఇళ్ల తలుపుల్నీ బతుకమ్మనూ రోజువారీ పల్లెనూ పట్టుబట్టి తీశారు. తెలంగాణ పల్లె అరుగులు ఎలా ఉండేవో తర్వాతి తరం చూడగలిగితే అందులో ఆయన వాటా పెద్దది.

'రోజుకొకటి' అనే నియమాన్ని అక్షరాలా పాటించి చూపినవాడు న్యూయార్క్‌వాసి జేమీ లివింగ్‌స్టన్. 1979 మార్చి 31న, కాలేజీ విద్యార్థిగా, పోలరాయిడ్ ఎస్ఎక్స్-70తో మొదలుపెట్టాడు. కొన్ని వారాలు గడిచాక చూసుకుంటే రోజుకొకటి చొప్పున తీస్తున్నట్టు తేలిందట. సరే అదే కానీ అనుకున్నాడు. రోజుకు ఒక్కటే. బాగా రాలేదని ఇంకోటి తీయకూడదు. తిన్న భోజనం, మిత్రుల గది, బేస్‌బాల్ ఆట, వీధి మలుపు, వాన. కాలేజీ అయిపోయింది, సినిమా పని వచ్చింది, బొమ్మలు ఆగలేదు. 1997లో బ్రెయిన్ ట్యూమర్‌తో ఆసుపత్రి గది వచ్చింది, అక్టోబరు మొదట్లో ఉంగరాలు, పెళ్లి వచ్చాయి. అక్టోబరు 25న, తన 41వ పుట్టినరోజు నాడు, పోయాడు. దాదాపు 6,700 పోలరాయిడ్లు పెట్టెల్లో తేదీల వరసన ఉన్నాయి. పదేళ్లకు మిత్రులు వాటి నకళ్లను అతను చదివిన బార్డ్ కాలేజీలో గోడల నిండా అతికించి ప్రదర్శించారు.

ఇందులో గమనించాల్సింది, పోలరాయిడ్‌ను దిద్దడానికి లేదు. నెగటివ్ ఉండదు, కోసుకోవడం ఉండదు. విడివిడిగా చూస్తే చాలా బొమ్మలు సాదాసీదావి, కొన్ని మసకబారినవి. అతను చేసిన ఎడిటింగ్ అంతా నొక్కకముందే జరిగింది: ఈ రోజులో దేన్ని ఉంచాలి? తేదీ వరస మిగతా పని చేసింది. సాఫ్ట్‌వేరు లేకపోతే ఈ సరదా లేదనుకునేవాళ్లు ఒకసారి అతన్ని తలుచుకుంటే మంచిది.

రెండో సగం వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి అదే అమెరికాలో రెండు ఉదాహరణలు. గ్యారీ వినోగ్రాండ్ వీధుల్లో తీసిన రీళ్లను కావాలనే ఏడాదో రెండేళ్లో కడక్కుండా ఉంచేవాడు. తీసినప్పటి మూడ్ మరిచిపోయాకే బొమ్మను న్యాయంగా ఎంచగలమని ఆయన వాదం. నిజమే, నేనూ వారం ఆగి చూస్తే మురిపెం తగ్గి తప్పులు కనిపిస్తాయి. కానీ 1984లో ఆయన పోయేనాటికి కడగని రీళ్లే 2,500 దాకా పోగుపడ్డాయి. వాటిలో ఏది మంచిదని ఆయన అనుకునేవాడో ఎవరికీ తెలియదు. వివియన్ మాయర్ షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేస్తూ రోలీఫ్లెక్స్ మెళ్లో వేసుకుని తిరిగింది. లక్షకు పైగా నెగటివ్‌లు. అద్దె కట్టని గోదాములోంచి 2007లో వేలానికి వచ్చాయి. 2009లో ఆమె పోయే నాటికి ఆ పెట్టెలు తెరిచినవాళ్లెవరో ఆమెకు తెలియదు. ఇవాళ ప్రపంచమంతా చూస్తున్న మాయర్‌ను ఏరింది ఇతరులు, ముద్రించింది ఇతరులు, ఎంత నలుపు ఎంత తెలుపు అని నిర్ణయించింది ఇతరులు. హక్కుల మీద కోర్టు కేసులు సరేసరి. బొమ్మలు అద్భుతం. ఆమె చూపు ఎంత, ఏరినవారి చూపు ఎంత అన్నది మాత్రం తేలదు.

డిజిటల్ యుగం గురించి పొదుపుగా చెప్పవచ్చు, ఎందుకంటే అందరం అందులోనే ఉన్నాం. కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లో చేసిన కెమెరా ఒక నలుపుతెలుపు బొమ్మను క్యాసెట్ మీద ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. 1990లో ఫోటోషాప్ వచ్చింది, 2007లో లైట్‌రూమ్. రెండిటికీ స్వభావంలో తేడా ఉంది. ఫోటోషాప్ ఒక బొమ్మ మీద కూర్చునేవాడిది. లైట్‌రూమ్ రోజూ తీసేవాడిది: వందల్లోంచి ఏరడం, చుక్కలు పెట్టడం, తేదీలవారీగా సర్దడం, అసలు ఫైలు ముట్టుకోకుండా దిద్దుబాట్లను విడిగా రాసుకోవడం. అట్జే పెన్సిలూ సర్వేవాళ్ల బీరువాలూ ఒక తెరలో ఇరికాయన్నమాట. 2011లో స్నాప్‌సీడ్ యాప్ వచ్చాక ఆ పని బస్సులో కూర్చుని బొటనవేలితో అయిపోతోంది. ఫిల్ము ఖర్చు సున్నా అయింది. కిళ్లీకొట్టు తీస్తే అడిగేవాళ్లు లేరు. మన ఊళ్లలో రోజుకో ఫోటో అనే సరదా నిజంగా మొదలైంది ఇప్పుడే. హైదరాబాదులో ఆదివారం పొద్దున్నే పాతబస్తీలో కెమెరాలతో గుంపులుగా నడిచేవాళ్లున్నారు. బెజవాడలో ఆఫీసుకు పోతూ కాలవగట్టు మీద ఆగి ఒకటి తీసుకునేవాళ్లున్నారు.

ఈ కొత్త సౌకర్యంలో నాకు నచ్చనివి రెండు. మొదటిది, ఫోను తానే దిద్దేస్తోంది. మనం ఒక్కసారి నొక్కామనుకుంటాం, అది లోపల చాలా ఫ్రేములు తీసి కలిపి, నీడలు లేపి, ఆకాశం ముదర చేసి ఇస్తుంది. కొన్ని ఫోన్లు చంద్రుడి మీద లేని వివరాల్ని కల్పిస్తున్నాయని 2023లో పెద్ద చర్చే నడిచింది. నేను మబ్బు సాయంత్రం తీసిన వీధి కూడా ఫోనులో పండగలా కనిపిస్తుంది. అందుకని నా దిద్దుబాటులో సగం పని ఆ మెరుగుల్ని తగ్గించడమే: వెలుగు కాస్త దింపడం, రంగు తీయడం, ధూళిని ధూళిలా ఉండనివ్వడం. నిట్టనిలువు గోడలు వాలిపోతే సరిచేస్తాను. అంచుల్లో సగం తెగిన బైకు ఉంటే కోస్తాను. అంతకు మించి వెళ్లను.

రెండోది తీగలు. ఇప్పుడు వేలితో రుద్దితే కరెంటు తీగలు, చెత్తకుప్ప, ఎదురుగా నిలబడ్డ ఆటో అన్నీ పోతాయి, వెనక ఉండాల్సిన గోడను యంత్రమే ఊహించి పూడుస్తుంది. డాగేర్ పలక చేతకాక చేసిన పనిని మనం చేతనయ్యి చేస్తున్నాం. సలోన్ న్యాయనిర్ణేత ఎట్టకేలకు గెలిచాడు. నాకైతే, ఒక్కో స్తంభానికి గూడులా చుట్టుకున్న ఆ కేబుళ్ల చిక్కులే ఈ ముప్పై ఏళ్ల తెలుగు పట్టణం సంతకం. కేబుల్ టీవీ, ఆపైన ఇంటర్నెట్, మధ్యలో ఎవరో కట్టిన పార్టీ జెండా, సంక్రాంతికి చిక్కుకున్న గాలిపటం. నేలలోంచి తీగలు వేసే రోజు వస్తే, అవి ఎలా ఉండేవో అడిగేవాళ్లూ వస్తారు.

ఇక దాచడం. గాజుపలక పగలకపోతే నూటయాభై ఏళ్లు ఉంది. హార్డ్ డిస్కు సంగతి అందరికీ అనుభవమే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిక్కిపోతుంది, దానితో వచ్చే తేదీ, చోటు సమాచారం కూడా జారిపోతుంది. బర్మింగ్‌హామ్ లైబ్రరీలో బెంజమిన్ స్టోన్ బొమ్మల సంగ్రహం ఇప్పటికీ చూడొచ్చు. మన జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, పదేళ్లుగా ఈ ఊరి వీధులు తీశాను, పేర్లూ తేదీలతో సహా ఉన్నాయి, తీసుకుంటారా అని అడిగితే ఏ బల్ల దగ్గరికి పంపుతారో ఊహించుకోండి. అడగకపోవడం కూడా మన లోపమే. హారిసన్ అడిగాడు కాబట్టే కదా వాళ్ల బీరువాలు నిండాయి.

ప్రస్తుతానికి నేను చేస్తున్నది చిన్న పని. ఫోను ప్రతి బొమ్మకూ అక్షాంశ రేఖాంశాలు ఇస్తుంది, మ్యాపులో వీధికి ఏదో నాయకుడి పేరు ఉంటుంది. కానీ టాకీసు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపి ఏళ్లయినా ఆటోవాళ్లు దాన్ని టాకీసు సందు అనే అంటారని దానికి తెలియదు. పక్కనే బావి పూడ్చిన చోటును బావి సెంటరనీ, డాక్టరుగారు పోయినా డాక్టరుగారి వీధనీ అంటూనే ఉన్నారు. అందుకని లైట్‌రూమ్‌లో క్యాప్షన్ గడిలో రెండు పేర్లూ కొడుతున్నాను, మ్యాపుదీ, ఆటోవాళ్లదీ. వేసవి సెలవుల్లో పాత బొమ్మలకు కూడా కొట్టాలి, అవి చాలానే ఉన్నాయి.